ఎయిర్ బైపాస్ రోడ్డులో ప్రొటీన్ అంగడి: అడ్వాన్స్ ఇచ్చే ముందు

ప్రశ్న: మాది తిరుపతి. వయసు 31. రేణిగుంట దగ్గర కంపెనీలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నా. జనరల్ షిఫ్టు, చేతికి 38 వేలు వస్తుంది. ఏడేళ్లుగా జిమ్‌కు వెళ్తున్నా. జిమ్ వాళ్ల కోసం వే ప్రొటీన్ (పాల విరుగుడు నుంచి తీసే పొడి), పీనట్ బటర్, ఓట్స్, డ్రై ఫ్రూట్స్, మిల్లెట్స్ అన్నీ ఒకేచోట దొరికే అంగడి పెట్టాలని ఆశ. ఎయిర్ బైపాస్ రోడ్డులో గది చూశాను. అద్దె 22 వేలు, పది నెలల అడ్వాన్స్. మొత్తం 12 లక్షలు అవుతుంది. ఎఫ్‌డీ 6 లక్షలు, పీఎఫ్ 2 లక్షలు ఉన్నాయి. మిగతా 4 లక్షలకు నా భార్య నగలు కుదువ పెడదామనుకుంటున్నా. ఇంట్లో అమ్మానాన్న, మూడేళ్ల పాప. ఉద్యోగం మానేసి దిగొచ్చా సార్?

జవాబు: అంగడి పెట్టొద్దని చెప్పను. ఆ గదికి మాత్రం ఇప్పుడే అడ్వాన్స్ ఇవ్వకండి.

మీరు పంపిన ఖర్చుల చిట్టా రెండుసార్లు చదివాను. అడ్వాన్స్ 2.2 లక్షలు, అద్దాల అరలు, లైట్లు, బోర్డు కలిపి 3 లక్షలు, సరుకు 5 లక్షలు, ఫ్రిజ్, బిల్లింగ్ మిషన్ 80 వేలు. ఇవన్నీ పోను మిగిలేది లక్ష. అంగడి కాళ్లూనుకునేదాకా ఆ లక్షతోనే అద్దె కట్టాలి, కుర్రాడికి జీతమివ్వాలి, ఇల్లు గడవాలి.

లెక్క వేద్దాం. అద్దె 22 వేలు, కుర్రాడికి 12 వేలు, కరెంటు, నెట్, చిల్లర ఖర్చులు 6 వేలు. నగల మీద వడ్డీ నెలకు నూటికి రూపాయి అనుకుంటే 4 వేలు. ఇంటికి 28 వేలు కావాలని మీరే రాశారు. మొత్తం 72 వేలు. అంటే మీ లక్ష నెలన్నరకు సరి.

ఈ 72 వేలు అంగట్లోంచే రావాలంటే ఎంత అమ్మాలి? డబ్బాల ప్రొటీన్‌నే నమ్ముకుంటే, ఆన్‌లైన్ ధరతో పోటీపడ్డాక నూటికి 12 రూపాయలు మిగిలినా గొప్పే. మీ ఎదుటే ఫోన్ తీసి రేటు చూసి, అక్కడ ఇంత తక్కువ ఉంది కదన్నా అంటారు. ఆ లెక్కన నెలకు 6 లక్షలు, రోజుకు 20 వేల వ్యాపారం జరగాలి. సగటున 24 రూపాయలు మిగిలే సరుకులు కలుపుకుంటే 3 లక్షలు, రోజుకు 10 వేలు చాలు. ఏ సరుకు అమ్ముతారన్నదాన్ని బట్టే మీ భారం సగానికి సగం మారిపోతోంది. మీ ఉత్తరంలో మాత్రం ఆ ప్రస్తావనే లేదు. బోర్డు రంగు గురించి నాలుగు లైన్లు రాశారు!

ఇక జనం సంగతి. ఆ రోడ్డులో పొద్దస్తమానం జనమేనని రాశారు. నిజమే. కానీ వాళ్లలో కొండకొచ్చినవాళ్లు ఎందరు? మన ఊళ్లో మెయిన్ రోడ్డు అద్దెలు యాత్రికుల రద్దీని చూసి కూడా పెరుగుతాయి, ఆ యాత్రికులు మీ దగ్గర ఓట్స్ కొనరు. మీకు గిరాకీ తెల్లవారుజామున ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండులో నడిచేవాళ్లు, సాయంత్రం జిమ్ నుంచి వచ్చే ఉద్యోగులు, హాస్టల్ పిల్లలు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లూ వ్యాయామం కోసమే ఎక్కే కుర్రాళ్లను కూడా కలుపుకోండి. వీళ్లు రెండు వీధులు లోపలికైనా వెతుక్కుంటూ వస్తారు. బాలాజీ కాలనీ, యూనివర్సిటీ వైపు లోపలి వీధుల్లో ఇందులో సగం అద్దెకు చిన్న గది దొరుకుతుందేమో తిరిగి చూడండి. ఒక్క ఇబ్బంది, వేసవి సెలవుల్లో హాస్టళ్లు ఖాళీ అవుతాయి, అద్దెకు మాత్రం సెలవులుండవు.

ఇలాంటి అంగళ్లు మునిగేది సరుకులోనే. ఒక్క బ్రాండ్ తెచ్చినా చాక్లెట్, వెనిలా, కాఫీ అని నాలుగు రుచులు, రెండు సైజులు పెట్టాల్సి వస్తుంది. చాక్లెట్ పోతుంది, మిగతావి అరలో నిలబడి మిమ్మల్నే చూస్తుంటాయి. గడువు దగ్గర పడ్డ డబ్బాను ఎవరూ ముట్టరు, సగం ధరకు వదిలించుకోవాల్సిందే. బాదం, వాల్‌నట్ మన ఎండలకు పాత నూనె వాసన పడతాయి. సజ్జపిండి అయితే కొద్దిరోజులకే చేదెక్కుతుంది. అందుకే మొదటి సరుకు 2 లక్షలు దాటనివ్వకండి. మూడు బ్రాండ్లు, రెండేసి రుచులు చాలు. అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గర బిల్లుతోనే కొనండి. ప్రొటీన్ పొడుల్లో నకిలీలు ఎక్కువ. దిగుమతి డబ్బా మీద దిగుమతిదారు పేరు, ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే నంబరు లేకపోతే ఎంత చవకైనా వద్దు. ట్రైనర్లు కమీషన్ అడుగుతారు, ఇస్తే నూటికి వచ్చే ఆ 12 రూపాయల్లో మీకు మిగిలేదేమీ ఉండదు.

ఇంకో మాట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, కండలు పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వాడొద్దనే చెప్పింది. జిమ్ కుర్రాడు ఆ మాట వినకపోవచ్చు. డబ్బులిచ్చే నాన్న వింటాడు.

మరి లాభం ఎక్కడుంది? మన అవ్వల వంటింట్లో ఉంది. ఉలవల్లో వంద గ్రాములకు దాదాపు 22 గ్రాముల ప్రొటీన్, శెనిక్కాయల్లో అంతకంటే కొంచెం ఎక్కువే. రాగి సంగటి తిని పెరిగిన ఊరు మనది. ఉలవ గుగ్గిళ్లు, మొలకలు, రాగి జావ, చక్కెర వేయని శెనిక్కాయల ముద్ద, పుట్నాల పొడి, కొర్రలు, సామలు. వీటికి ఆన్‌లైన్ ధరతో పోలిక రాదు, మీ చేతి రుచికే ధర. ఒకటి గుర్తుంచుకోండి, కొర్రలు విడిగా తూచి అమ్మితే జీఎస్టీ లేదు, ప్యాకెట్ కట్టి లేబుల్ వేస్తే 5 శాతం. మీ పేరుతో ప్యాక్ చేస్తే బరువు, తేదీ, ఎమ్మార్పీ ముద్రించాలి, తూనికలు కొలతల శాఖలో ప్యాకర్‌గా నమోదు కావాలి. లేబుల్ మీద షుగర్ తగ్గుతుంది, కీళ్లనొప్పులు పోతాయి లాంటి మాటలు రాయకండి.

మిగతా కాగితాలు పెద్ద తలనొప్పి కాదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్, చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ నమోదు. ఉద్యమ్‌కు రూపాయి ఫీజు లేదు, ఏజెంటుకు ఇవ్వకండి. మన రాష్ట్రంలో సరుకుల వ్యాపారానికి ఏడాదికి 40 లక్షలు దాటితేనే జీఎస్టీ నమోదు తప్పనిసరి. రోజుకు 10 వేలంటే ఆ గీత దగ్గరికే వస్తారు. దాటాక చిన్న వ్యాపారులకుండే జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో చేరితే అమ్మకాల మీద 1 శాతం పన్ను, కాకపోతే అందులో ఉంటే వేలూరుకో చెన్నైకో సరుకు అమ్మడానికి వీల్లేదు.

డబ్బు విషయానికొస్తే, నగలు ఇంట్లోనే ఉండనివ్వండి. అడ్వాన్స్ అనేది ఇంటి యజమాని దగ్గర వడ్డీ లేకుండా పడి ఉండే సొమ్ము. దానికోసం వడ్డీకి తేవడమేమిటి? పీఎఫ్ కూడా కదిలించకండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. ఎఫ్‌డీలో 2 లక్షలు ఇంటికి వదిలేయండి, ఏడు నెలల ఖర్చు అది. మిగిలిన 4 లక్షలే మీ పెట్టుబడి. తర్వాత సరుకు కోసం అవసరమైతే బ్యాంకులో కేంద్రం ముద్రా పథకం కిశోర్ రుణం కింద 5 లక్షల వరకు పూచీ లేకుండా అడగొచ్చు. ఆరు నెలల అమ్మకాల లెక్క చేతిలో ఉంటే మేనేజరుతో మాట్లాడటం తేలిక.

ఉద్యోగం వదిలిన రోజే కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా పోతుంది. అమ్మానాన్నకు ఒకటి, మీ ముగ్గురికి ఒకటి, రెండు పాలసీలు రాజీనామాకు ముందే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. నాన్నకు బీపీ ఉందని రాశారు, దాన్ని దాచకుండా ఫారంలో రాయండి.

ఇప్పుడు చేయాల్సింది చెబుతా. ఉద్యోగం మానకుండా 60 వేలతో మొదలుపెట్టండి. గ్రౌండు దగ్గర అనుమతి ఉన్న చోట పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది దాకా చిన్న బండి. మొలకలు, గుగ్గిళ్లు, రాగి జావ, ఉడికించిన గుడ్లు, పక్కనే వంద గ్రాముల పొట్లాలు. బండికైనా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు కావాలి. బయట వ్యాపారం చేయకూడదని కంపెనీ షరతుందేమో చూసుకోండి. మీ ఆవిడే నడుపుతానంటే నమోదు, ఖాతా అన్నీ ఆమె పేరుతోనే పెట్టండి. అలాంటి బళ్లు ఇప్పటికే ఉన్నాయంటారా? ముందు వారం రోజులు వాళ్ల దగ్గర జావ తాగి, ఎన్ని గ్లాసులు పోతున్నాయో లెక్కపెట్టండి.

ప్రొటీన్ డబ్బాలు ఆర్డరు మీదే తెప్పించండి, సగం డబ్బు ముందే తీసుకోండి. అప్పు ఖాతా తెరవొద్దు, హాస్టల్ పిల్లలకైతే అసలే వద్దు. ఆరు నెలల్లో రోజుకు సగటున 3 వేలు దాటి, కొన్నవాళ్లే మళ్లీ మళ్లీ వస్తుంటే లోపలి వీధిలో గది చూడండి. అప్పుడు కూడా అడ్వాన్స్ ఐదు నెలలకు బేరమాడండి.

రోజూ ఒక నోటుబుక్కులో ఏది ఎంత పోయింది, ఏది మిగిలింది రాయండి. మూడు నెలలకు ఆ పేజీలు ఫొటో తీసి నాకు పంపండి, కూర్చుని చూద్దాం. శనివారాలు వేరే పేజీలో రాయండి. మన ఊళ్లో ఆ రోజు గుడ్డు ముట్టనివాళ్లు చాలామంది, ఆ పొద్దున గుడ్లు సగమే ఉడికించి గుగ్గిళ్లు రెట్టింపు పెట్టండి.