పెరటాసి నెలలో పిల్లికి జబ్బు చేస్తే

పాపా,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. బ్రహ్మోత్సవాలకని దిగిన చుట్టాలు, తెల్లారితే వంటిల్లు, మీ అత్త పట్టింపులు. వాళ్ల కోసం ఉతికి పరిచిన దుప్పటి మీద పిల్లి తుమ్మి చీమిడి చేసేసరికి నీ కోపమంతా పోయి దాని మీద పడింది. అరిచానని ఏడుస్తూ కూర్చోవద్దు తల్లీ. ఈ నాలుగు రోజులూ దాని తిండి, దాని ఉచ్చ, ఈ రెండూ చూసుకో. మిగతా ఇల్లు కొంచెం అటూ ఇటూ అయినా ఏం కాదు.

ముందు దాన్ని చుట్టాల కాళ్ల మధ్య నుంచి తీసేయ్. చిన్న గది ఒకటి చూసి పాత చీర పరిచి, నీళ్లు ఒక మూల, ఇసుక టబ్బు ఇంకో మూల పెట్టు. పిల్లలను లోపలికి రానివ్వొద్దు. జబ్బు చేసిన పిల్లికి సందడే సగం బాధ.

ముక్కు మూసుకుపోతే దానికి వాసన తెలీదు, వాసన తెలీకపోతే పిల్లి మూతి పెట్టదు. బాత్రూములో బకెట్ నిండా వేడినీళ్లు పట్టి, తలుపేసి, పది నిమిషాలు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చో. బకెట్ మాత్రం దానికి దూరంగా ఉండాల. తర్వాత తడిగుడ్డతో ముక్కు తుడిచి, గోరువెచ్చటి తిండి పెట్టు. విక్స్, అమృతాంజనం లాంటివి పుయ్యొద్దు, వాటిలో ఉండే కర్పూరం పిల్లికి విషం. పూజగదిలో కర్పూరం బిళ్లలు, బీరువాలో కలరా ఉండలు కూడా దానికి అందకుండా పెట్టు. ఫినాయిల్ వేసి తుడిచిన నేల మీద నడిచి అది కాళ్లు నాకుతుంది, ఆ గదిలో వట్టి నీళ్లతోనే తుడువు.

తిండి దగ్గరే నీకు అసలు చిక్కు. పెరటాసి వెంకన్న నెల కదా, నెలంతా మీ ఇంట్లో నీసు వండరు. మీ అత్త నమ్మకాన్ని తప్పు పట్టొద్దు, ఆమెతో గొడవా పెట్టుకోవద్దు. నీసు మానని పక్కింటి వాళ్లనడిగి రెండు ముక్కల కోడి ఉడికించి ఇమ్మను. ఉప్పు, ఉల్లి, తెల్లగడ్డ పడకూడదు, ఉల్లి జాతి పిల్లి నెత్తురును పాడుచేస్తుంది. అది కుదరకపోతే షాపులో దొరికే తడి తిండి ప్యాకెట్టు తెచ్చి వేడినీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చచేయి, వంటింటి పొయ్యి ముట్టే పనే లేదు. మీ అత్త జాలిపడి పాలు పోస్తానంటుంది. పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి, ఆ మాట ఆమెకు నెమ్మదిగా చెప్పు. ఒకటిన్నర, రెండు రోజులు ఏమీ ముట్టకపోతే ఇంక ఎదురుచూడొద్దు. తిండి మానిన పిల్లికి ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి అది చెడిపోతుంది, బాగా ఒళ్లున్న పిల్లికి ఆ భయం ఇంకా ఎక్కువ.

ఇది మాత్రం ఇంట్లో అందరికీ చెప్పు: డోలో, క్రోసిన్ ముక్క కూడా వెయ్యొద్దు. అవి పారాసిటమాల్ మాత్రలు, ఆ మందును విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. చెయ్యి పెట్టి చూసి జ్వరమనుకోవద్దు, 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దానికి మామూలు వేడి, మన చేతికది ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది.

డాక్టరు ఇచ్చిన మాత్రయితే టవల్లో చుట్టి, తల మాత్రం బయట పెట్టి మింగించు. వెంటనే సూది లేని సిరంజితో నోటి పక్క నుంచి కొంచెం కొంచెంగా నీళ్లు పట్టు, కొన్ని మాత్రలు గొంతులో అతుక్కుని పుండు చేస్తాయి. రాత్రి మాత్ర మీ ఆయన పని. ఆయనకే తెలియాలని మనసులో పెట్టుకోవద్దు, నోరు తెరిచి అడుగు.

నీది మగపిల్లి కాబట్టి ఇంకొక మాట. మాటిమాటికీ ఇసుకలో కూర్చుని, ముక్కి, అరిచి, చుక్క రాకుండా లేస్తోందంటే మలబద్ధకమని ఆముదం పట్టొద్దు. ఉచ్చ దారి మూసుకుపోయి ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అర్ధరాత్రయినా సరే, చుట్టాలు ఏమనుకున్నా సరే, వైద్యుడి దగ్గరికి పోవాల్సిందే. చిగుళ్లు తెల్లబడినా, పసుపెక్కినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా అంతే.

మీ తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది, ఇప్పుడది శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది. అక్కడి ఆసుపత్రిలో పిల్లులను కూడా చూస్తారు. బండి మీద చేతుల్లో పట్టుకుని పోవద్దు, మూతున్న జాలీ బుట్టలో పెట్టి ఆటోలో పో. గోడ మీది క్యాలెండరులో ఏ పూట ఎంత తినింది, ఎన్నిసార్లు ఉచ్చ పోసింది ఈరోజు నుంచే రాయి. డాక్టరు అడిగేది అవే. కోలుకున్నాక టీకాల సంగతి కూడా అక్కడే అడుగు. ఆయన ఏం చెప్పిందీ సాయంత్రం నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ,
చిత్తూరు