రోడ్‌సైడ్ అసిస్టెన్స్: కంపెనీదా, బీమాదా?

దారిలో కారు ఆగిపోతే వచ్చి సాయం చేసే సేవే రోడ్‌సైడ్ అసిస్టెన్స్. దాన్ని కారు కంపెనీ నుంచి తీసుకోవాలా, బీమా నుంచా అని అడిగారు. మీ అయోమయానికి కారణం బహుశా ఇదే: కొత్త కారుతో కంపెనీ ఇచ్చిన సేవ ఉండగానే, డీలరు బీమాలో యాడ్-ఆన్‌గా (అదనంగా డబ్బు కట్టే కవరుగా) అదే మళ్లీ అంటగడుతున్నారు.

1. కంపెనీ సేవ గడువు ఎప్పటివరకో కారు పత్రాల్లో చూడండి. ఇంకా ఉంటే యాడ్-ఆన్ వద్దనండి.

2. అందరూ వదిలేసేది టోయింగ్ పరిమితి, అంటే ఆగిన బండిని ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితంగా లాక్కెళ్తారన్నది. "ఉచిత టోయింగ్" అన్న పెద్ద అక్షరాలు చూసి నేనూ ఊరుకున్నాను. సూర్యాపేట దాటాక బండి మొరాయిస్తే, పరిమితికి మించిన ప్రతి కిలోమీటరుకూ క్రేన్ డ్రైవరు చేతిలో డబ్బు పెట్టాల్సి వచ్చింది. మీరు తరచూ వెళ్లే దారిలో ఎక్కడ ఆగినా, దగ్గరి సర్వీస్ సెంటరు ఆ కిలోమీటర్లలోపే ఉండాలి.

3. ఏడాదికి ఎన్నిసార్లు పిలవవచ్చో అడగండి.

4. జాతీయ రహదారిపై ఆగితే, ఆ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు కూడా ఫోను చేయండి.