కొండచరియ ఎంత దూరం వస్తుందో లెక్కగట్టే పని: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతోంది. లెక్కలు, కోడింగ్ బాగా వచ్చు. కొండచరియ విరిగిపడితే ఆ మట్టి ఎంత దూరం వస్తుందో అంచనా వేసే పనిలోకి వెళ్తానంటోంది. ఉద్యోగాలుంటాయా? సాఫ్ట్‌వేర్‌కి వెళ్లమని చెప్పాలా? కొండల్లో తిరగడమంటే మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆమెను వెనక్కి లాగకండి. తనకు వచ్చిన ఆ రెండూ ఈ పనికి కావాల్సినవే. అయితే అవి మాత్రమే సరిపోవు.

అమెరికాలోని ఓసో దగ్గర ఒక వాలు 2006లో జారినప్పుడు మట్టి నదిని అడ్డగించి ఆగింది. అదే చోట 2014లో మళ్లీ కూలినప్పుడు నది దాటి కిలోమీటరుకు పైగా దూసుకొచ్చింది. 43 మంది చనిపోయారు. ఎక్కడ కూలుతుందన్నది తెలిసినా, ఎంత దూరం వస్తుందో తెలియకపోతే ఎవరిని ఖాళీ చేయించాలో చెప్పలేం. అందుకే ఈ పనంటే నాకు అంత గౌరవం.

మొదటి లెక్క తేలికే. మట్టి కిందికి దిగిన ఎత్తును, అది అడ్డంగా వెళ్లిన దూరంతో భాగిస్తారు. ఆ నిష్పత్తి 0.5 అనుకుంటే 300 మీటర్ల ఎత్తు నుంచి పడింది 600 మీటర్లు వెళ్తుంది. 0.2 అనుకుంటే 1,500 మీటర్లు. మధ్యలో ఉన్న ఆ 900 మీటర్లలో ఊరుంటే? ఏ అంకె వాడాలో తేల్చడమే అసలు పని. కూలే మట్టి ఎక్కువైన కొద్దీ సాధారణంగా దూరమూ పెరుగుతుంది. నీరు, లోయ ఆకారం కూడా చూడాలి. ఓసో ఘటనను కంప్యూటర్‌లో మళ్లీ నడిపి చూస్తే, మట్టిలోని ఖాళీల శాతం మొదట్లో కాస్త తేడాగా ఉన్నా ఫలితం పూర్తిగా మారిపోయింది.

రామ్స్, ఆర్.అవాఫ్లో లాంటి ప్రోగ్రాంలు మట్టికి, నేలకు మధ్య రాపిడి ఎంతో చెప్పే ఘర్షణ విలువ మనం ఏది ఇచ్చినా రంగురంగుల మ్యాపు గీసిస్తాయి. అది నమ్మదగ్గదో కాదో చెప్పాలంటే సాయిల్ మెకానిక్స్ (మట్టి బలం, కదలికల శాస్త్రం), జియాలజీ రావాలి. పాత చరియ దగ్గరికెళ్లి బండలు ఎక్కడిదాకా దొర్లాయో, చెట్ల మీద బురద మరక ఎంత ఎత్తున ఉందో కొలిచిన అనుభవం ఉండాలి.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉండవు. పీజీ దాదాపు తప్పనిసరి, పరిశోధనకైతే పీహెచ్‌డీ. భూగర్భ సర్వే సంస్థలు, రోడ్లు, రైల్వే, జలవిద్యుత్ ప్రాజెక్టులకు పనిచేసే జియోటెక్నికల్ (నేల, రాళ్ల బలాన్ని పరీక్షించే) కన్సల్టెన్సీలు, బీమా కంపెనీల రిస్క్ విభాగాలు ఇలాంటివాళ్లను తీసుకుంటాయి. ఒకవేళ ఇందులో కుదరకపోయినా ఇదే మోడలింగ్ (కంప్యూటర్‌లో నడిపి చూడటం) వరదలకు, డ్యాం తెగితే నీరు ఎటు పోతుందో చూడటానికి పనికొస్తుంది.

కొండల గురించి భయం వద్దు. మోడలింగ్ వైపు వెళ్తే ఎక్కువ కాలం కంప్యూటర్ ముందే గడుస్తుంది, ఫీల్డుకి జట్టుగా వెళ్తారు.

పీజీ ఫీజు కట్టేముందు ఒక పని చేయించండి. ఏదైనా పాత ఘటన తీసుకుని, ఉచితంగా దొరికే ఎత్తుల డేటాతో ఆర్.అవాఫ్లోలో నడిపి, అసలు మట్టి ఆగినచోటుకు లెక్క ఎంత దగ్గరగా వస్తుందో చూడమనండి. మొదట అస్సలు కలవదు. అప్పుడు ఎందుకు కలవలేదో వెతుకుతూ కూర్చుంటే నిశ్చింతగా పంపండి.