అమ్మలూ, శనివారం ఆ బండి చూడ్డానికి వెళ్ళే ముందు ఇది చదువు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నువ్వు కారు కొంటున్నావని చెప్పింది. సెకండ్ హ్యాండ్ అంట, పదకొండేళ్ళ బండి అంట, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగిందంట, శనివారం చూడ్డానికి వెళ్తున్నావంట. వినగానే ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను, నీ జీతంలోంచి నువ్వే దాచుకుని ఎవర్నీ ఒక్క మాట అడక్కుండా కొనుక్కుంటున్నావు. కానీ ఫోన్ పెట్టేసాక నిద్ర పట్టలేదు. అటూ ఇటూ దొర్లి దొర్లి చివరికి లేచి ఇది టైప్ చెయ్యడం మొదలుపెట్టా. పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు, మధ్యలో వదిలెయ్యకు.

ముందు మామూలు విషయాలు. పగటి వెలుతుర్లో చూడు, వానలో చూడకు, తడి మీద గీతలూ సొట్టలూ కనపడవు. కాగితాల్లో ఛాసిస్ నంబరూ బండి మీద నంబరూ ఒకటేనా కాదా చూసుకో. సర్వీసు బిల్లులు అడుగు. మీటర్లో కిలోమీటర్ల కంటే ఆ బిల్లులే నిజం చెప్తాయి, లక్షన్నర తిరిగినా టైముకి ఆయిల్ మార్చిన బండి, యాభై వేలే తిరిగి ఏళ్ళ తరబడి మూలన పడున్న బండి కంటే నయం.

నువ్వు వెళ్ళేటప్పటికి ఇంజన్ చల్లగా ఉండాలి, "నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి" అని ముందే చెప్పు. వెళ్ళగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉందంటే నీకంటే ముందే స్టార్ట్ చేసి వేడెక్కించారన్నమాట, ఎందుకు చేశారో అడుగు. పాత ఇంజన్ రోగం బయటపడేది చల్లగా ఉన్నప్పుడే, వేడెక్కాక చాలా చప్పుళ్ళు సర్దుకుంటాయి. స్టార్ట్ చెయ్యగానే ముందు వైపు గొలుసు గలగలలాడినట్టు కొన్ని సెకన్లు మోగితే టైమింగ్ చైన్ (పిస్టన్లూ వాల్వులూ సరైన టైముకి కదిలేలా కలిపి తిప్పే గొలుసు) సాగిందేమో అనుకోవాలి. సైలెన్సర్ దగ్గర ఎవర్నైనా నిలబెట్టి పొగ చూడమను. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టు, నల్ల పొగ అయితే డీజిలో పెట్రోలో ఎక్కువ పోతున్నట్టు. చలి పొద్దున కాసేపు తెల్లటి ఆవిరొస్తే అది మామూలే, కానీ ఇంజన్ వేడెక్కాక కూడా చిక్కటి తెల్ల పొగ తియ్యటి వాసనతో వస్తూనే ఉంటే ఆ బండి దగ్గర్నించి వచ్చెయ్. ఎందుకో కింద చెప్తా, అసలు ఈ లెటర్ అంతా దాని కోసమే.

కీ తిప్పగానే చెక్ ఇంజన్ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగనే వెలగకపోతే అది మంచి కాదమ్మా, ఎవరో దాన్ని వెలగకుండా చేసి ఉండొచ్చు. స్కానర్ (బండి కంప్యూటర్లో నమోదైన లోపాల కోడ్లు చదివే పరికరం) ఉన్న మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళు. కోడ్లు లేవని అనగానే సంబరపడకు, ముందురోజు చెరిపేసి తెచ్చి ఉండొచ్చు. చెరిపేస్తే బండి తనని తాను చేసుకునే పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని స్కానర్లోనే కనపడుతుంది, అది చూడమని అడుగు.

ఇప్పుడు డబ్బుల సంగతి. పాత బండి రిపేర్లలో అందరూ పొరపడేది ఒక్క చోట, పార్టు ఎంత అని అడుగుతారు, అది విప్పడానికి ఎంత అని అడగరు. ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య ఒక చిన్న ఆయిల్ సీలు ఉంటుంది, దాని ఖరీదు ఏమీ ఉండదు, కానీ అది మార్చాలంటే గేర్‌బాక్సు మొత్తం దింపాలి, అంటే ఖర్చంతా లేబరే. అందుకే ఆ సీలు కోసం దింపినప్పుడు క్లచ్ కూడా అరిగి ఉంటే అప్పుడే వేయించెయ్, ఒకే లేబర్‌లో రెండూ అయిపోతాయి. క్లచ్ అరిగిందో లేదో నడిపినప్పుడే తెలుస్తుంది, పై గేర్లో మెల్లగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ నొక్కు, ఇంజన్ మోత పెరిగి బండి మాత్రం ముందుకి అందుకోకపోతే క్లచ్ ప్లేట్ జారుతోంది. ఆటోమేటిక్ అయితే గేరు వేశాక ఆలస్యంగా కదులుతుందా, గేరు మారేటప్పుడు తన్నినట్టు అవుతుందా చూడు, అనుమానం వస్తే వదిలెయ్. పాత బండిలో ఆటోమేటిక్ గేర్‌బాక్సు రిపేరు ఒక్కోసారి బండి విలువకి దగ్గరగా వెళ్తుంది.

చైన్ బదులు టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్ అయితే ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమను. బిల్లు లేదా, మార్చలేదనే లెక్క. చాలా ఇంజన్లకి అరవై వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్యలో మార్చమని కంపెనీయే రాస్తుంది, తిరక్కపోయినా ఇన్నేళ్ళకి అని కూడా ఉంటుంది, ఆ బండి మాన్యువల్ చూసుకో. బెల్టు రబ్బరుది, తెగే ముందు చెప్పదు. ఎక్కువ ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు పైకొచ్చి వాల్వుల్ని గుద్దేస్తాయి, వాల్వులు వంగిపోతాయి, హెడ్, అంటే ఇంజన్ పై భాగం, విప్పాల్సిందే. బెల్టు మార్చేటప్పుడు బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనరూ, ఆ బెల్టుతోనే తిరిగేదైతే ఇంజన్‌లో నీళ్ళు తిప్పే వాటర్ పంపూ కలిపి మార్పించు.

వాటర్ పంపు అన్నా కదా. ఇక ఇక్కడ ఆగాలి.

నువ్వు చిన్నప్పుడు నా ఒళ్ళో కూచుని నా కుడి చేతి మీద మచ్చని వేలితో గీస్తూ "మావయ్యా ఇదేంటి" అని అడిగేదానివి గుర్తుందా. వేడి నీళ్ళు పడ్డాయిరా అని చెప్పేవాణ్ణి. అది అబద్ధం కాదు, కానీ పూర్తి నిజం కూడా కాదు. మీ అమ్మ కూడా ఎప్పుడూ చెప్పలేదు, నా మొహం చూసి ఊరుకునేది.

నా మొదటి బండి నాకొచ్చేసరికి ముగ్గురి చేతులు మారింది. దాని వాటర్ పంపు దగ్గర కొంచెం కొంచెంగా కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లగా ఉంచే ద్రవం, కారేది. మెకానిక్ చూసి పంపు సీలు పోయిందండీ, మార్చెయ్యండి, పంపు పెద్ద ఖరీదు కాదు గానీ బెల్టు విప్పాలి కాబట్టి లేబర్ అవుతుంది అన్నాడు. వచ్చే నెల అన్నాను. వారానికోసారి బోనెట్ ఎత్తి రేడియేటర్లో మామూలు కుళాయి నీళ్ళు పోసేవాణ్ణి, వచ్చే నెల మళ్ళీ వచ్చే నెల అయ్యింది, అలా మూడు నెలలు. వారానికోసారి పొయ్యడం పోయి మూడ్రోజులకోసారి అయ్యింది, అయినా నాకు బుద్ధి రాలేదు, కారేది ఎక్కువవుతోందని అర్థం చేసుకోలేదు, పోస్తున్నాను కదా సరిపోతోంది కదా అనుకున్నా.

నీకప్పుడు ఎనిమిది నెలలు. ఒక రాత్రి నీకు జ్వరం ఎక్కువైపోయింది, మీ నాన్న ఊర్లో లేడు, మీ అమ్మ నన్ను లేపింది. హాస్పిటల్ దాదాపు అరవై కిలోమీటర్లు. ఆ కంగారులో నీళ్ళు చూసుకోలేదు. ముప్పై కిలోమీటర్లు వెళ్ళాక టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ ఉండే చోటు దాటి పైకి లేవడం చూశాను. ఆపాలి అని తెలుసు. కానీ వెనక నువ్వు మూలుగుతున్నావు, మీ అమ్మ "ఇంకెంత దూరం అన్నయ్యా" అంటోంది, ఆపితే టైము పోతుంది అనుకున్నా. ముల్లు ఎర్ర గీత దాకా పోయింది. తర్వాత ఉన్నట్టుండి కిందకి పడిపోయింది. అమ్మయ్య చల్లబడింది అనుకుని ఇంకా గట్టిగా తొక్కాను.

అమ్మలూ ఇది బాగా గుర్తుపెట్టుకో. ఆ ముల్లుకి వేడి ఎంతో చెప్పే సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉన్నప్పుడే సరిగ్గా చెప్తుంది. కూలెంట్ బాగా తగ్గిపోయి అది ఖాళీలో మిగిలిపోతే ముల్లు పడిపోతుంది, ఇంజన్ మాత్రం లోపల మాడిపోతూ ఉంటుంది. పైకి లేచిన ముల్లు హఠాత్తుగా పడితే అది చల్లబడటం కాదు, సెన్సర్ దగ్గర నీళ్ళు లేవని. హీటర్ ఆన్ చేస్తే చల్లగాలి వచ్చినా అదే సంగతి.

ఇంకో నాలుగు కిలోమీటర్లు నడిచింది. పికప్ పోయింది, లోపల ఏదో కొట్టుకుంటున్న చప్పుడు, ఆగిపోయింది. చుట్టూ చీకటి, బోనెట్ సందుల్లోంచి ఆవిరి. నీళ్ళ సీసా తీసుకుని దిగి గుడ్డ చుట్టి రేడియేటర్ మూత తిప్పేశాను. ఎంత తెలివితక్కువ పనో ఇప్పుడు చెప్తే నీకు అర్థమవుతుంది, ఆ మూత లోపల ఒత్తిడి పట్టి ఉంచుతుంది, ఆ ఒత్తిడి వల్లే లోపల నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరక్కుండా ఉంటాయి, మూత తీసిన క్షణం ఒత్తిడి పోయి అంతా ఒక్కసారి మరిగి ఎగజిమ్ముతుంది. లోపల మిగిలిన కాస్తే నా మోచేతి దాకా వచ్చింది. మొహం పక్కకి తిప్పి ఉన్నాను కాబట్టి కళ్ళు మిగిలాయి.

అరగంటకి ఒక లారీ ఆగింది. ఆయనెవరో ఈ రోజుకీ తెలియదు, మీ అమ్మనీ నిన్నూ ఎక్కించుకుని హాస్పిటల్ గుమ్మం దాకా దింపి వెళ్ళాడు. తెల్లవారేసరికి నీ జ్వరం తగ్గింది, ఆ సంగతి నాకు తెలిసింది మాత్రం మధ్యాహ్నానికి. ఆ బండి పక్కన కూచుని ఉన్న గంటల గురించి నేను ఎవరితోనూ మాట్లాడను, నీతోనూ మాట్లాడలేను.

ఇంజన్ విప్పితే అల్యూమినియం హెడ్ వంగింది, హెడ్‌కీ కింద బ్లాక్‌కీ మధ్య సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయింది, పిస్టన్లు ఆడే రెండు బోర్లు గీసుకుపోయాయి. అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, కింద బ్లాక్ ఇనుముదైతే అంత వేడిలో పైన హెడ్ ఒక తీరు కింద బ్లాక్ ఒక తీరు సాగి మధ్యలో గ్యాస్కెట్ చచ్చిపోతుంది. అలా పోతే కూలెంట్ లోపలికి దిగి కాలుతుంది, ఇందాక చెప్పిన తియ్యటి వాసన తెల్ల పొగ అదే. హెడ్ ఫేసింగ్ (చదును చెయ్యడం), రీబోరు (బోర్లు మళ్ళీ కోయడం), పిస్టన్లు, లేబర్ అన్నీ కలిపి ఆ పంపు మార్పించడానికి అయ్యేదానికి పదిహేను రెట్లు అయ్యింది. నేను దాచుకున్నాననుకున్నది ఆ మూడు నెలల లేబర్ చార్జి.

అందుకే శనివారం ఆ బండిలో నువ్వు చూడాల్సిన మొదటిది కూలెంట్. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే డబ్బా మూత తీసి చూడు. శుభ్రంగా రంగు ఉండాలి, తుప్పు రంగు ఉన్నా, మీద నూనె తెట్టు కట్టినా, వట్టి నీళ్ళున్నా వదిలెయ్. ఇంజన్ ఆయిల్ మూత లోపల తెల్లటి జిగురు నురగ ఉందా చూడు. చలికాలంలో దగ్గర దగ్గర ప్రయాణాలే చేసే బండిలో కాస్త తేమ వల్ల కూడా పడుతుంది, కానీ ఆయిల్ గేజి పుల్ల మీద కూడా అదే రంగుంటే నీళ్ళు ఆయిల్లో కలిసినట్టే. తర్వాత స్టార్ట్ చేసి నిలబెట్టే ఓ ఇరవై నిమిషాలు ఉంచమను, ఏసీ వెయ్యకు, రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరగాలి. హైవే మీద బాగుండి ట్రాఫిక్‌లో మాత్రం వేడెక్కే బండికి ఎక్కువసార్లు ఫ్యానే కారణం, రిలే పోయినా మోటర్ పోయినా చిన్న ఖర్చుతో అవుతుంది. కూలెంట్ వేడెక్కాక రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ కూడా అంతే, చిన్న పార్టు. చిన్న ఖర్చులకి భయపడకు, వాటిని వాయిదా వెయ్యడానికి భయపడు.

కొన్నాక మొదటి వారంలోనే పాత కూలెంట్ తీయించి కంపెనీ చెప్పిన కూలెంట్ కంపెనీ చెప్పిన పాళ్ళలోనే పోయించు, హోస్ పైపులు నొక్కి చూసి మెత్తబడినవీ పగిలినవీ మార్పించు. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఆయిల్ కూడా అప్పుడే, బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్ళకోసారి మార్చాలి. టైర్ల పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారం తయారైంది అని, గాట్లు బాగున్నా వయసైపోయిన టైరుని నమ్మకు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా నడిపితే టకటకమంటే యాక్సిల్ జాయింటు పోయింది, గతుకుల్లో దడదడ అంటే బుష్‌లు, అవి పాత బండికి వచ్చేవే, బేరంలో తగ్గించుకో. బ్యాటరీ ఇంజన్ ఆపి కొంతసేపయ్యాక పన్నెండున్నర వోల్టులు దాకా ఉండి, స్టార్ట్ చేశాక పద్నాలుగు దగ్గరికి రాకపోతే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ చూపించు.

నీ దగ్గరున్న డబ్బంతా బండికే పెట్టెయ్యకు, నా లెక్కలో కొన్న ధరలో అయిదో వంతు మొదటి ఏడాది రిపేర్లకి పక్కన ఉండాలి. ఆ మాత్రం మిగలకపోతే ఇంకొంచెం తక్కువ బండి చూడు, నామోషీ పడకు. మెకానిక్ పార్టు మార్చాలంటే ఏం పరీక్ష చేసి చెప్తున్నాడో అడుగు, అంచనా కాగితం మీద రాయించుకో, మార్చాక పాత పార్టు చూపించమను. ఆడపిల్లవని ఏదో చెప్పి పంపిద్దామనుకునేవాళ్ళు ఉంటారు, నువ్వు నెమ్మదిగా "చూపించండి" అను చాలు, కోప్పడక్కర్లేదు.

ముల్లు లేచిందంటే ఎక్కడున్నా సరే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి పక్కకి తీసి ఇంజన్ ఆపెయ్. ఆఫీసు లేటవనీ, రైలు పోనీ, ఎవరు ఎంత తిట్టుకున్నా సరే. మూత ముట్టుకోకు. బోనెట్ దగ్గరికి కూడా వెళ్ళకు. నాకు ఫోన్ చెయ్, రాత్రి ఎంతైనా పర్లేదు, నేనెలాగూ సరిగ్గా పడుకోను.

శనివారం నేను రానా అని అడగాలని ఉంది, కానీ నువ్వే చూసుకుంటానని అమ్మతో అన్నావంట, కాబట్టి రాను. ఆ చల్లటి స్టార్ట్ మాత్రం బోనెట్ తెరిచి ఒక నిమిషం వీడియో తీసి పంపు, చప్పుడు వింటా. టార్చిలైటు మర్చిపోకు.

మీ మావయ్య