కాగితం ఎవరు అడిగారు?

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి టీ తాగుతూ, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. "దక్షిణ చైనా సముద్రంపై యుద్ధ మేఘాలు" అని ఎత్తుకున్నావు. నేను సబ్‌ఎడిటర్‌గా చేరిన రోజుల నుంచీ ఆ మేఘాలు అక్కడే ఉన్నాయి. ఎన్ని హెడ్డింగులకు పనికొచ్చాయో లెక్కలేదు. ముందు వాటిని తీసెయ్.

తర్వాత ఓడల లెక్క. చైనాకు 370కి పైగా యుద్ధనౌకలు, అమెరికాకు 300 లోపు, కాబట్టి చైనాదే పైచేయి అన్నావు. అంకెలు తప్పు కాదు. కానీ ఓడలేమైనా కోడిగుడ్లా, డజన్ల లెక్కన చూడ్డానికి? అమెరికా విమానవాహక నౌక ఒక్కటి దాదాపు లక్ష టన్నులు. చైనా తీరంలో తిరిగే కార్వెట్ అనే చిన్న యుద్ధనౌక పదిహేను వందల టన్నులు ఉంటుందేమో. బరువులో తూస్తే మొగ్గు ఇంకా అమెరికా వైపే ఉంది. సంఖ్య రాస్తే బరువూ రాయి, లేదంటే రెండూ వదిలెయ్.

నీ వ్యాసం మొత్తంలో నన్ను ఆపిన వాక్యం ఒకటే. అది కూడా నాలుగో పేజీలో, బ్రాకెట్లలో పడేశావు. బొటనవేలు సంగతి. దాన్ని పైకి తీసుకురా.

సెకండ్ థామస్ షోల్ అనే దిబ్బ. ఫిలిప్పీన్స్‌లోని పలవాన్ దీవి నుంచి 200 కిలోమీటర్ల లోపే ఉంది. రెండో ప్రపంచయుద్ధం నాటి పాత ఓడ ఒకటి, పేరు సియెర్రా మాద్రే. దిబ్బ తమదని చూపడానికి 1999లో ఫిలిప్పీన్స్ వాళ్ళు దాన్ని కావాలనే ఆ దిబ్బ మీదికి ఎక్కించి వదిలేశారు. తుప్పుపట్టి చిల్లులు పడ్డ ఆ ఓడలోనే కొద్దిమంది సైనికులు కాపురం ఉంటున్నారు. వాళ్ళకు బియ్యం, నీళ్ళు తెచ్చే పడవల మీద చైనా కోస్ట్‌గార్డ్ నీటిఫిరంగులు కొడుతూ వచ్చింది. 2024 జూన్ 17న కత్తులు, గొడ్డళ్ళు కూడా బయటికొచ్చాయి. ఒక ఫిలిప్పీన్స్ నావికుడి బొటనవేలు తెగింది. తుపాకీ మాత్రం పేలలేదు. అణుబాంబులున్న దేశం గొడ్డలి పట్టుకుందంటే, పాఠకుడు అక్కడ ఆగుతాడు. "ఎందుకు?" అని అడుగుతాడు. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

ఎందుకంటే, ఆ గొడవంతా కాగితానిది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ప్రకారం, మనుషులు బతకగలిగే దీవి నీదైతే దాని చుట్టూ 200 నాటికల్ మైళ్ళ దాకా చేపలు, చమురు నీవి. దాన్నే ఆర్థిక మండలి అంటారు. ఒట్టి బండ అయితే 12 మైళ్ళే. పోటుకు మునిగి ఆటుకు తేలే దిబ్బ అయితే, దాని పేరున ఏమీ రాదు. దీవి, బండ, దిబ్బ అని మన దగ్గర మూడు మాటలు ఉండగా నువ్వు అన్నిటినీ "ద్వీపాలు" అని రాసేశావు. తగువంతా ఆ మూడు మాటల మధ్యే ఉంది తమ్ముడూ! ఫిలిప్పీన్స్ 2013లో కేసు వేసింది. 2016 జులై 12న హేగ్‌లో తీర్పొచ్చింది: ఆ దిబ్బ ఉన్న స్ప్రాట్లీల గుంపులో 200 మైళ్ళ హక్కు తెచ్చే దీవి ఒక్కటీ లేదు, సెకండ్ థామస్ షోల్ ఆటుకు తేలే దిబ్బే, అదీ ఫిలిప్పీన్స్ ఆర్థిక మండలిలోనే ఉంది అని. మర్నాడే చైనా ఉప విదేశాంగ మంత్రి దాన్ని చిత్తుకాగితం అన్నాడు. మరి ఆ సముద్రం దాదాపు అంతా తమదేనంటూ పటంలో ముక్కలు ముక్కలుగా గీసుకున్న వాళ్ళ గీత సంగతి? 1947 పటంలో పదకొండు ముక్కలు, తర్వాత రెండు చెరిపితే తొమ్మిది, 2023 పటంలో పది. అదీ కాగితమే.

సముద్రం మీద ఎవరు ఎవర్ని కాగితం అడగగలరు అన్నది పట్టుకుంటే నీకు దారి దొరుకుతుంది. అంత దూరం పోనక్కర్లేదు, మన కోస్తాలోని పాత రేవు మోటుపల్లి చూడు. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయశాసనం ఉంది. తుఫానుకు ఓడ పగిలి రేవుకు కొట్టుకొస్తే, పూర్వపు రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కునేవాళ్ళు. నేను అలా చెయ్యను, ప్రాణం కంటే ధనం గొప్పదనుకుని సముద్రం మీద ఇంత సాహసం చేసి వచ్చిన వాళ్ళ దగ్గర క్లుప్తశుల్కం, అంటే ముందే నిర్ణయించిన సుంకం, తప్ప ఏదీ తీసుకోను అన్నాడు. సుంకం ముప్పయ్యో వంతు. రాజుగారి దయాగుణం అని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. నాకైతే దయ కంటే లెక్కే ఎక్కువ కనిపిస్తుంది. ఒకసారి దోచుకుంటే ఓడ మళ్ళీ రాదు, ముప్పయ్యో వంతుకు ఒప్పుకుంటే ఏటా వస్తుంది.

పోర్చుగీసు వాళ్ళు ఈ లెక్కను తిరగేశారు. 1511లో మలక్కా, 1515లో హోర్ముజ్ పట్టుకుని, కార్తాజ్ అనే చీటీ లేని ఓడ దొరికితే సరుకు జప్తు అన్నారు. మొఘల్ పాదుషా ఓడలు కూడా మక్కా యాత్రకు ఆ చీటీ తీసుకునే వెళ్ళాయి. అంత పెద్ద సామ్రాజ్యం, నేల మీద తిరుగులేదు, నీటి మీద చీటీ!

ఇక మీ ఇంటి బిర్యానీ మసాలా. జాజికాయ, జాపత్రి అప్పట్లో ప్రపంచం మొత్తానికి ఇండోనేషియాలోని బందా దీవుల నుంచే వచ్చేవి. అక్కడ డబ్బులిస్తే తీసుకునేవాళ్ళు తక్కువ, మన తీరం బట్టలు అడిగేవాళ్ళు. అందుకే డచ్చివాళ్ళు 1605-06లో గోల్కొండ రేవైన మచిలీపట్నంలో కొట్టు తెరిచారు. ఇక్కడ బట్ట కొను, అక్కడ మసాలా పట్టు. మాకు తప్ప ఎవరికీ అమ్మమని సంతకం పెట్టారు కదా, మరి ఇంగ్లిషువాళ్ళకెందుకు అమ్మారు అంటూ 1621లో బందా మీద పడ్డారు. దీవుల జనంలో ఎక్కువమంది చనిపోయారు, మిగిలినవాళ్ళు బానిసలయ్యారు, కొందరు పారిపోయారు. అదీ ఒప్పంద పత్రం పేరు మీదే. బేగంబజార్‌లో జాపత్రి ధర అడిగినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది. ఇంట్లోవాళ్ళు మాత్రం తొందరగా కొనమంటారు.

హైదరాబాద్‌లో సముద్రం లేదు కదా, నేనేం చూసి రాయను అన్నావు. హుస్సేన్‌సాగర్‌కి సాగరం పేరుంది గానీ దానితో పని జరగదు, ఒప్పుకుంటాను. సనత్‌నగర్ కంటైనర్ డిపో దగ్గరికి వెళ్ళు. అక్కడ సీలు వేసిన పెట్టె రైలెక్కి ముంబై పక్కన నవా షేవా రేవుకు పోతుంది. 2023 నవంబర్ నుంచి ఎర్ర సముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీలు ఓడల మీద దాడులు మొదలుపెట్టాక, యూరప్ వెళ్ళే ఓడలు చాలావరకు ఆఫ్రికాను చుట్టి పోయాయి. పది రోజుల నుంచి రెండు వారాలు ఎక్కువ. ఆ రోజుల కిరాయి, యుద్ధం రిస్కు ఇన్సూరెన్స్ ఎవరి బిల్లులో పడ్డాయి? ఎగుమతిదారుడికా, కొన్నవాడికా? క్లియరింగ్ ఏజెంట్‌ని టీకి పిలిచి అడుగు. ఒక పాత బిల్ ఆఫ్ లేడింగ్, అంటే ఓడకెక్కిన సరుకుకు ఇచ్చే రసీదు, చూపించమను. పెట్టె నంబరు, సీలు నంబరు, ఎక్కిన రేవు, దిగాల్సిన రేవు, కిరాయి ఎవరు కట్టాలో అన్నీ ఆ ఒక్క కాగితంలో ఉంటాయి. శ్రీకాకుళం ఉద్దానం ఊళ్ళ నుంచి మర్చంట్ నేవీలో చేరిన కుర్రాళ్ళు ఉంటారు, సెలవుకు వచ్చినప్పుడు వాళ్ళతోనూ మాట్లాడు. యుద్ధనౌక ఎలా ఉంటుందని అడక్కు. ఆ దారిలో రాత్రి వాచ్‌లో నిలబడ్డప్పుడు టెన్షన్ దేనికి పడ్డావని అడుగు.

నేనూ బోల్తా పడ్డవాణ్ణే. కొత్తలో మన దేశ ఆర్థిక మండలి గురించి రాస్తూ, 200 నాటికల్ మైళ్ళను మామూలు మైళ్ళనుకుని 320 కిలోమీటర్లని వేశాను. నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. అంటే 370 కావాలి. వారం తర్వాత విశాఖ నుంచి పోస్టుకార్డు వచ్చింది. రిటైరైన నావికుడట. "బాబూ, మేం జీవితమంతా కాపలా కాసిన సముద్రంలో యాభై కిలోమీటర్లు నువ్వు ఒక్క వాక్యంలో వదిలేశావు" అని రాశాడు. ఎడిటర్ ఆ కార్డును నా బల్ల మీద అద్దం కింద పెట్టించాడు. మూడేళ్ళు అక్కడే ఉంది.

తిరగరాసి తీసుకురా. ఆదివారం పొద్దున అబిడ్స్‌లో ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరే ఉంటాను.

నీ శ్రేయోభిలాషి

తా.క.: "అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు" అని మూడుచోట్ల రాశావు. ఆ కోర్టూ హేగ్‌లోనే ఉంది గానీ, ఈ తీర్పిచ్చింది అది కాదు. సముద్ర చట్టం కింద ఏర్పడిన మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్. మూడుచోట్లా పెన్సిల్‌తో దిద్దాను.