అగ్నిప్రమాదం క్లెయిముకు కన్సల్టెంటును పెట్టుకోవాలా?

గోదాము కాలిపోయిందని, నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయర్ వచ్చి చూసి వెళ్లారని, క్లెయిములో పది శాతం ఇస్తే అంతా తానే చూసుకుంటానని ఒక కన్సల్టెంటు అంటున్నారని రాశారు. ఆ పది శాతం ఒప్పందం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. సహాయం మాత్రం తప్పకుండా తీసుకోండి. ఎవరి దగ్గర, ఏ పనికి అన్నదే ముఖ్యం.

విజయవాడలో మాది బట్టల టోకు వ్యాపారం. మా గోదాము కాలినప్పుడు అక్కరకు వచ్చింది మా ఆడిటరు గారు. సర్వేయరుకు లైసెన్సు ఇచ్చేది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అయినా, నియమించేదీ ఫీజు ఇచ్చేదీ బీమా కంపెనీ. మా దగ్గరికి వచ్చినాయన మర్యాదస్థుడే. కానీ నష్టాన్ని నిరూపించే బాధ్యత మనది, ఆయనది కాదు. అందుకే మన తరఫున లెక్క తెలిసిన మనిషి ఉండాలి.

ఆడిటరు గారు బూడిద చల్లారగానే గోదాముకే వచ్చారు. బట్టల తాను పైన ఎంత మాడినా లోపలి మడతల్లో, అంచు మీద మిల్లు ముద్ర చాలాసార్లు మిగిలి ఉంటుంది. గుమాస్తా ఒక్కో తాను విప్పుతుంటే ఆ ముద్రలకు ఫోటోలు తీయించి, పక్కన కొనుగోలు బిల్లు నంబరు రాయించారు. పూర్తిగా కాలినవి, సగం కాలినవి, నీళ్లకు తడిసినవి విడివిడిగా పేర్పించారు. మిగిలిన సరుకు అమ్మితే ఎంత వస్తుందో సాల్వేజ్ విలువ కట్టి క్లెయిములో తగ్గిస్తారు కాబట్టి, ఇక్కడ అశ్రద్ధ చేస్తే లక్షల్లో పోతుంది. సర్వేయర్ చూసి రాసుకునే వరకు ఒక్క పీలిక కూడా బయటికి పంపకండి.

తరువాతి పని కాగితాలది. అగ్నిమాపక శాఖ నివేదిక, పంచనామా, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టాకు స్టేట్‌మెంటు అన్నీ ఒకే మాట చెప్పాలి. తేడా ఉంటే సర్వేయర్ అడగక ముందే కారణం రాసి ఇవ్వండి. చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది. కాలిపోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన పన్నుకు తీసుకున్న మినహాయింపును) జీఎస్టీ చట్టం 17(5)(హెచ్) ప్రకారం వెనక్కి కట్టాలి. బీమా మొత్తంలో పన్ను కూడా కలిపి ఉంటే ఆ భారాన్ని క్లెయిములో అడగండి.

ఇక కన్సల్టెంటు. యంత్రాలు, భవనం కూడా దెబ్బతింటే, లేదా బీమా తక్కువకు చేశారని కోత పెడతామంటే, రిటైరైన సర్వేయర్ ఒకరి సలహా విలువైనదే. అరవై లక్షల సరుకుకు నలభై లక్షలకే బీమా ఉంటే, ముప్ఫై లక్షల నష్టానికి ఇరవై లక్షలే లెక్కకు వస్తాయి. అయితే మీది 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ (చిన్న వ్యాపారాల అగ్ని బీమా) అయితే, బీమా పదిహేను శాతం లోపు తక్కువైనా కోత పెట్టకూడదు. ఇలాంటి షరతు చదివి వాదించగలిగే మనిషికి పనిని బట్టి ఇంత అని ఫీజు మాట్లాడుకోండి. మొత్తంలో శాతం ఇవ్వడం నాకు సమ్మతం కాదు, నష్టపోయిన కుటుంబం మీద అది రెండో కోత. పాలసీలో ఉండే ‘నిపుణుల ఫీజు’ భవనం తిరిగి కట్టే ఇంజినీర్ల కోసం ఉద్దేశించింది. క్లెయిము తయారీకి అది వర్తించదు, ఆ ఖర్చు మీదే.

నష్టం తెలియజేసిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలని, 15 రోజుల్లో నివేదిక, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం రావాలని ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది. ప్రతి ఉత్తరం మెయిలులో పంపండి, సర్వే నివేదిక ప్రతి అడిగి తీసుకోండి. తక్కువ మొత్తానికి డిశ్చార్జ్ ఓచరు (ఇక బాకీ ఏమీ లేదని ఒప్పుకునే రసీదు) మీద సంతకం పెట్టమంటే, అభ్యంతరాన్ని అప్పుడే రాతలో పెట్టండి. ఒత్తిడితో పెట్టించిన సంతకం హక్కును పోగొట్టదని సుప్రీంకోర్టు 1999లోనే తేల్చింది.

లాయరు అవసరం చివర్లోనే. మీది సొంత యాజమాన్యమో, సూక్ష్మ సంస్థో అయితే బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫీజు లేకుండా, లాయరు లేకుండా రాయవచ్చు. పరిమితి 50 లక్షలు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెల రోజులు ఆగాలి.

సరుకు మీద బ్యాంకు అప్పు ఉంటే క్లెయిము డబ్బు మొదట బ్యాంకు ఖాతాకే వెళ్తుంది. మీ మేనేజరును ఈ వారంలోనే కలిసి, వడ్డీ కట్టడానికి గడువు అడగండి.