స్టైనర్ బడిలో వసంతం వస్తే తల్లిదండ్రులకు అంత పని ఎందుకు?

ఇంగ్లండ్‌లో పిల్లల్ని చిన్న స్టైనర్ బడిలో, అంటే రుడాల్ఫ్ స్టైనర్ అనే తత్వవేత్త ఆలోచనల మీద నడిచే బడిలో, వేసినవాళ్ళకు వచ్చే సందేహమే ఇది. మొదటి కారణం డబ్బు. అక్కడ ఈ బడులు చాలావరకు ప్రభుత్వ నిధులు లేకుండా ఫీజులు, విరాళాల మీదే నడుస్తాయి. అందుకే గోడలకు రంగులు వేయడం, మళ్ళు తవ్వడం, సంతలో అమ్మడానికి కేకులు చేయడం అమ్మానాన్నల వంతు.

రెండోది చదువు పద్ధతి. 1919లో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో, సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం పెట్టిన బడితో మొదలైన పద్ధతి ఇది. ఈ బడులకున్న వాల్డార్ఫ్ అన్న ఇంకో పేరు కూడా ఆ ఫ్యాక్టరీదే, తమాషాగా లేదూ! ఇక్కడ రుతువే పాఠం. తరగతిలో ఒక బల్ల మీద పూలు, చిగుళ్ళు, ఖాళీ పిట్టగూళ్ళు పెడతారు. ఈస్టర్‌కు ముందు పళ్ళెంలో మట్టి పోసి గోధుమలు చల్లుతారు. మన పెళ్ళిళ్ళలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించినట్టే. మూడో తరగతిలోనైతే వ్యవసాయమే ఒక పాఠ్యాంశం. వీటన్నిటికీ అమ్మానాన్నల చెయ్యి కూడా పడాల్సిందే.

అసలు సందడి మే డే నాడు. ఇక్కడ మే డే అంటే కార్మికుల దినం కాదు, వసంత పండుగ. పొడవాటి స్తంభం పైనుంచి రంగు రిబ్బన్లు వేలాడతాయి. సగం మంది ఇటు, సగం మంది అటు తిరుగుతూ, ఎదురొచ్చినవాళ్ళను ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి దాటితే స్తంభం మీద జడ అల్లుకుంటుంది. ఒక్కరు తప్పినా ముడి పడుతుంది, మళ్ళీ వెనక్కి తిరగాల్సిందే. అందుకే వారాల తరబడి రిహార్సల్స్. ఫిడేలు వాయించడానికి కూడా ఎవరో ఒక నాన్న దొరుకుతాడు.